రిజిస్టరైన వీలునామా చూపిస్తున్నారు: ఆడపిల్లలకు ఇక హక్కు లేనట్లేనా?

తెనాలి ఆడపడుచు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు 86వ ఏట ఇటీవల కాలం చేశారు. నేను పెద్దదాన్ని. చెల్లెలు న్యూజెర్సీలో స్థిరపడింది. తమ్ముడు మొదటి నుంచీ అమ్మానాన్నల దగ్గరే ఉన్నాడు. పెద్దకర్మ ముగిసిన మర్నాడు బంధువులు ఇంకా ఇంట్లో ఉండగానే తమ్ముడు ఒక రిజిస్టర్డు వీలునామా నకలు తెచ్చి చదివించాడు. స్థిరాస్తి మొత్తం తమ్ముడికే చెందాలనీ, ఆడపిల్లలకు పెళ్లిళ్లప్పుడే ఇవ్వవలసినదంతా ఇచ్చామనీ, అమ్మను తమ్ముడు చూసుకుంటాడనీ అందులో ఉంది.

ఆస్తి రెండు చోట్ల ఉంది. ఊళ్లో 3 ఎకరాల మాగాణి 1978లో నాన్నగారూ, పెదనాన్నగారూ, బాబాయిగారూ భాగాలు పంచుకున్నప్పుడు నాన్నగారి వాటాకు వచ్చింది. తెనాలిలోని ఇల్లు నాన్నగారు తన జీతం డబ్బుతో 1991లో స్థలం కొని కట్టించినది.

నన్ను నిద్ర పోనివ్వని సంగతులు కొన్ని ఉన్నాయి. చనిపోవడానికి 14 నెలల ముందు నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. వీలునామా ఆయన పోవడానికి 5 నెలల ముందు రిజిస్టరైంది. జీవితమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి కాగితం మీద సంతకానికి బదులు వేలిముద్ర ఉంది. సాక్షుల్లో ఒకరు తమ్ముడి బావమరిది, మరొకరు దస్తావేజు లేఖరి దగ్గర పనిచేసే వ్యక్తి. ఆ రోజు ఉదయం నాన్నగారిని కారులో తీసుకువెళ్లి మధ్యాహ్నానికి తీసుకువచ్చారనీ, ఎక్కడికని అడిగితే ఆసుపత్రికని చెప్పారనీ అమ్మ అంటోంది.

రిజిస్టరైన వీలునామాను ఎవరూ కదిలించలేరని పెద్దమనుషులు అంటున్నారు. నా పెళ్లి 1983లో జరిగింది కనుక, రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం కూడా నాకు పిత్రార్జితంలో హక్కు లేదని మరొకరు చెప్పారు. ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, లేనిదే ఏ వీలునామా చెల్లదని చెన్నైలో ఉండే మా వియ్యపురాలి అన్నగారు అంటున్నారు. ఈలోగా మా ఇద్దరినీ హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేయమని తమ్ముడు తొందరపెడుతున్నాడు. చెల్లెలికైతే భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపమని కాగితాలు కూడా వెళ్లాయి.

నాన్నగారు తెలిసి, మనసుపెట్టి రాసిన కాగితమే అయితే తల వంచి ఒప్పుకుంటాను. అది ఆయన మాట అవునో కాదో తెలుసుకోకుండా సంతకం పెట్టడానికి మనసు రావడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత రిజిస్ట్రేషన్ ఉద్యోగి

అమ్మా, నేను సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. రిజిస్టరైంది కాబట్టి ఇక తిరుగులేదన్న మాట నా ఉద్యోగకాలంలో వేలసార్లు విన్నాను. అది సరికాదు. అసలు వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షులతో సరిగా సంతకాలు చేయించినా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ అధికారి చూసేది, వచ్చిన మనిషి ఫలానావారే అవునా, ఈ దస్తావేజు నేనే రాసి ఇచ్చానని ఆయన ఒప్పుకున్నారా అన్న రెండు సంగతులే. ఆస్తి ఎవరిది, లోపలి రాత ఆయనకు పూర్తిగా తెలుసా, వెనక ఎవరి ఒత్తిడి అయినా ఉందా అన్నవి ఆ బల్ల దగ్గర తేలవు.

మీరు ముందుగా చేయవలసింది, తమ్ముడు చూపిన జిరాక్సు మీద ఆధారపడకుండా సర్టిఫైడ్ కాపీ సొంతంగా తీసుకోవడం. వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో నమోదవుతాయి. రాసినవారు బతికి ఉండగా వారికి, లేదా వారు అధికారం ఇచ్చినవారికి తప్ప ఇంకెవరికీ నకలు ఇవ్వరు. పోయిన తర్వాత మరణ ధ్రువపత్రం జతచేసి అడిగితే ఇస్తారు. ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ధ్రువపత్రంలో, ఇది కనిపించదు. ఈసీ తీసి చూసి, వీలునామా ఏదీ లేదని నిశ్చింతగా ఉన్నవారిని కూడా చూశాను.

కాపీ చేతికి వచ్చాక అందరూ ముందు పేజీలు చదువుతారు. మీరు ఎండార్స్‌మెంట్లు, అంటే రిజిస్ట్రేషన్ అధికారి రాసిన నమోదు వివరాలు, ఉన్న వెనక పేజీ చదవండి. దస్తావేజు దాఖలు చేసినది ఎవరు, కార్యాలయంలోనా లేక అధికారి ఇంటికి వచ్చి నమోదు చేశారా, ఆయన్ను గుర్తించినట్లు సంతకం చేసినవారు ఎవరు అన్నవన్నీ అక్కడే ఉంటాయి. కదలలేని మనిషికైతే ఇంటికి వచ్చి రిజిస్టరు చేసే ఏర్పాటు చట్టంలోనే ఉంది. అటువంటి ఏర్పాటు ఉండగా పక్షవాతం వచ్చిన 86 ఏళ్ల పెద్దాయనను, ఇంట్లో ఆసుపత్రి అని చెప్పి, కార్యాలయానికి తీసుకువెళ్లారంటే ఎందుకని అడగవలసిందే. కార్యాలయంలో వేలిముద్రల రిజిస్టరు విడిగా ఉంటుంది. అవసరమైతే కోర్టు దానిని తెప్పిస్తుంది.

మరొక మాట. మీ నాన్నగారి పేరుతో సూచిక మొత్తం వెతికించండి. అంతకుముందు గానీ తర్వాత గానీ మరొక వీలునామా రాశారేమో తెలుస్తుంది. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే పద్ధతి కూడా ఉంది కనుక అక్కడా విచారించండి. చివరిగా రాసినదే చెల్లుతుంది. తర్వాత రాసినది రిజిస్టరు కాకపోయినా సరే, ముందటి రిజిస్టర్డు వీలునామా దాని ముందు నిలవదు.

సివిల్ న్యాయవాది, గుంటూరు

పై పెద్దలు రిజిస్ట్రేషన్ సంగతి స్పష్టంగా చెప్పారు కనుక నేను మిగిలినవాటికి వస్తాను. మీ ప్రశ్నలో అందరూ వీలునామా నిజమా కాదా అన్న దగ్గరే ఆగిపోయారు. దానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. మీ నాన్నగారు దేనిని వీలునామా ద్వారా ఇవ్వగలరు? తనది కానిదానిని ఎంత నిజమైన వీలునామాతోనూ ఎవరూ ఇవ్వలేరు.

తెనాలి ఇల్లు స్వార్జితం. దాన్ని ఎవరికి ఇవ్వాలన్నది పూర్తిగా వారి ఇష్టం. భార్యకు, కూతుళ్లకు ఏమీ ఇవ్వకపోయినా ఆ కారణం ఒక్కదానితో వీలునామా చెల్లకుండా పోదు. మాగాణి సంగతి వేరు. అది మీ తాతగారికి ఎలా వచ్చిందన్న దాని మీద అంతా ఆధారపడి ఉంది. తాతగారికి ఆయన తండ్రి తాతల నుంచి వచ్చి, 1978లో అన్నదమ్ములు పంచుకున్నదైతే, మీ నాన్నగారి వాటాకు వచ్చిన భూమి ఆయన సంతానంతో కలిసి ఉమ్మడి ఆస్తిగానే కొనసాగుతుంది. అలాకాక అది తాతగారి స్వార్జితమై, 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చిన తర్వాత ఆయన వీలునామా లేకుండా చనిపోయి కొడుకులకు సంక్రమించినదైతే, అది మీ నాన్నగారి సొంత ఆస్తి కింద లెక్క. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కాబట్టి 1978 నాటి భాగపరిష్కార దస్తావేజును బయటికి తీయండి. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అటువంటి దస్తావేజుల మొదటి పేరాల్లోనే సాధారణంగా రాస్తారు.

ఉమ్మడి ఆస్తే అయితే మీ పెళ్లి ఏ సంవత్సరంలో జరిగిందన్నది ఇప్పుడు అడ్డం కాదు. హిందూ వారసత్వ చట్టానికి రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిన మాటా, అప్పటికే పెళ్లయిన కూతుళ్లను అది వదిలిపెట్టిన మాటా నిజమే. దేశంలో మిగతా రాష్ట్రాలకన్నా ముందు మన దగ్గర వచ్చిన ఆ మంచి చట్టం, దురదృష్టవశాత్తూ మీ వయసువారిని గడప బయటే నిలబెట్టింది. ఊళ్లో పెద్దల జ్ఞాపకం అక్కడే ఆగిపోయింది. అదే చట్టానికి 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో పెళ్లి అయిందా లేదా అన్న భేదం లేదు. కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమానంగా దాయభాగస్తురాలని, అంటే ఉమ్మడి ఆస్తిలో వాటాదారని, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను ఆ సవరణ కదిలించదు. అయితే మీ 1978 పంపకం మీ నాన్నగారికీ ఆయన సోదరులకూ మధ్య జరిగినది. మీ నాన్నగారికీ మీ తమ్ముడికీ మధ్య అటువంటి రిజిస్టర్డు పంపకం ఏదైనా జరిగిందేమో చూసుకోండి. లేకపోతే మీకు భయం లేదు.

అప్పుడు లెక్క ఇలా ఉంటుంది. 3 ఎకరాలలో నాన్నగారు, తమ్ముడు, మీరు, మీ చెల్లెలు నలుగురు భాగస్తులు, తలా 75 సెంట్లు. మన ప్రాంతంలో పాటించే హిందూ ధర్మశాస్త్రపు మద్రాసు సంప్రదాయంలో ఈ పంపకంలో భార్యకు విడిగా వాటా రాదు. వీలునామా అక్షరాలా నిజమని తేలినా, నాన్నగారు దాని ద్వారా ఇవ్వగలిగింది తన 75 సెంట్లే. మీ 75 సెంట్లూ, మీ చెల్లెలి 75 సెంట్లూ ఆయన ఇవ్వగలిగినవి కావు. వీలునామా వీగిపోతే నాన్నగారి 75 సెంట్లు అమ్మగారికీ, మీ ముగ్గురికీ సమానంగా విడిపోయి, పిల్లలకు తలా 93 సెంట్లకు పైగా, అమ్మగారికి 18 సెంట్లకు పైగా వస్తాయి. ఇల్లు నాలుగు సమాన వాటాలవుతుంది.

ఇక వీలునామా రుజువు సంగతి. భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినవారు సంతకమో వేలిముద్రో వేయడం ఆ ఇద్దరూ చూసి ఉండాలి, లేదా అది తనదేనని ఆయన నోటి నుంచి విని ఉండాలి. ఆ తర్వాత ఆయన సమక్షంలోనే వారు సంతకాలు చేసి ఉండాలి. బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరినైనా బోనెక్కించకుండా వీలునామాను సాక్ష్యంగా వాడుకోవడానికి వీలులేదు. పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 67వ సెక్షన్‌గా ఉంది. దానికి తోడు, వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులు ఉంటే, వాటిని తొలగించి న్యాయస్థానానికి తృప్తి కలిగించవలసిన బాధ్యత వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొత్తం లాభం పొందేవారే రాతకోతలన్నీ దగ్గరుండి నడిపించడం, సహజ వారసులను కారణం లేకుండా వదిలేయడం, రాసినవారి ఆరోగ్యం దెబ్బతిని ఉండడం ఇటువంటివే. మీరు చెప్పినవాటిలో ఇవన్నీ కొంతకొంత కనిపిస్తున్నాయి.

ఒక హెచ్చరిక చేయాలి. కోపంలో చాలామంది దావాలో ఫోర్జరీ అనీ, బెదిరించి రాయించారనీ రాయమంటారు. మోసం, బలవంతం జరిగిందని ఆరోపిస్తే అది నిరూపించే భారం ఆరోపించినవారి మీద పడుతుంది. మీకు తెలిసిన సంగతులను ఉన్నవి ఉన్నట్లు చెప్పి, వీలునామాను రుజువు చేయమని అడిగితే చాలు. వేలిముద్ర ఒక్కటే నేరం కాదు, చట్టం దానిని అంగీకరిస్తుంది. కుడి చేయి పడిపోయినవారు వేలిముద్ర వేయడంలో వింత లేదు. కాబట్టి పక్షవాతం తర్వాత ఆయన వేరేచోట్ల ఏం చేశారో చూడండి. పింఛనుదారులు ఏటా ఇచ్చే జీవన ధ్రువీకరణ పత్రం, బ్యాంకులో డబ్బు తీసిన కాగితాలు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం ఈ మూడూ సేకరించండి. అవి మీకు అనుకూలంగా ఉన్నా, వ్యతిరేకంగా ఉన్నా దావా వేయకముందే తెలియడం మంచిది.

ప్రొబేటు విషయంలో చెన్నై పెద్దమనిషి తమ అనుభవంలో ఉన్నది చెప్పారు. మద్రాసు, బొంబాయి హైకోర్టులు దావాలను నేరుగా విచారించే ఒరిజినల్ అధికార పరిధిలోనూ, పాత బెంగాల్ ప్రాంతంలోనూ రాసిన హిందువుల వీలునామాలకూ, ఆ పరిధిలోని స్థిరాస్తులకూ భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్ ప్రొబేటును తప్పనిసరి చేసింది. గుంటూరు జిల్లా ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నా మద్రాసు నగరపు ఒరిజినల్ పరిధిలో ఎన్నడూ లేదు కనుక మనకు ఆ నిబంధన వర్తించలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తొలగించింది. వీలునామాలో మీ తమ్ముడిని దాని అమలుకర్తగా నియమించి ఉంటే, కావాలనుకుంటే జిల్లా కోర్టులో ప్రొబేటు కోరవచ్చు. అయితే ప్రొబేటు విచారణలో తేలేది వీలునామా నిజమా అన్నదే, ఆస్తి మీద హక్కు ఎవరిదన్నది కాదు. మీ 75 సెంట్ల ప్రశ్న అక్కడ తీరదు.

హక్కు విడుదల దస్తావేజు మీద మాత్రం ఇప్పుడు సంతకం చేయవద్దు. పైన చెప్పినదంతా ఆ ఒక్క సంతకంతో పోతుంది.

ఒంగోలు నుంచి ఒక కుమారుడు

న్యాయవాదిగారు చెప్పిన చట్టాన్ని నేను కాదనడం లేదు. అయితే మీ తమ్ముడి స్థానంలో నిలబడినవాడిగా ఒక మాట చెప్పాలనిపించింది. మా నాన్నగారు మంచాన పడిన ఆరేళ్లూ నేను ఊరు కదలలేదు. ఆయన ఇల్లు నా పేర వీలునామా రాశారు. నేనే దస్తావేజు లేఖరి దగ్గరికి తీసుకువెళ్లాను, ఎందుకంటే తీసుకువెళ్లగలిగినవాడిని నేనొక్కడినే. అప్పుడు మా అక్కలకు చెప్పలేదు. చెబితే ఆయన ఉండగానే గొడవలవుతాయని భయపడ్డాను. అదే నేను చేసిన తప్పు. ఆ తర్వాత ఏడేళ్లు కోర్టులో ఎదురెదురుగా కూర్చున్నాం. వీలునామా చెల్లుతుందని తీర్పు వచ్చింది. అయినా రాఖీ పున్నానికి మా ఇంటికి వచ్చే అక్క ఒక్కరూ లేరు. చెప్పకుండా చేసిన పని మోసమే అయి ఉండాలని లేదండీ. కాగితాలు సేకరించండి, తప్పులేదు. నోటీసు పంపే ముందు మాత్రం తమ్ముడిని ఒంటరిగా కూర్చోబెట్టి ఆ రోజు ఏం జరిగిందో అడగండి.

తెనాలి ఆడపడుచు

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ మూడు వారాలలో తెలిసినవి చెబుతాను. 1978 దస్తావేజు బాబాయిగారి ఇంట్లో దొరికింది. భూమి మా తాతగారి తండ్రిగారి నుంచి పిత్రార్జితంగా వచ్చినదని మొదటి పేజీలోనే ఉంది. పింఛను కోసం ఇచ్చిన జీవన ధ్రువీకరణ పత్రం మీద కూడా నాన్నగారు వేలిముద్రే వేశారు. అది చూసినప్పుడు, ఇన్నాళ్లూ తమ్ముడి మీద పెట్టుకున్న అనుమానంలో సగం నాదే తప్పేమోననిపించింది.

ఒంగోలు సోదరులు చెప్పినట్లు తమ్ముడితో మాట్లాడాను. ఇల్లు తనకు ఇస్తానని నాన్నగారే అన్నారనీ, పొలం సంగతి లేఖరి కలిపి రాశాడనీ, అమ్మకు తెలిస్తే మాకు చెబుతుందని ఆసుపత్రి అని చెప్పాననీ ఒప్పుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు చూశాక కోర్టుకు వెళ్లాలన్న ఆలోచన తగ్గింది. కానీ చెల్లెలు తన వాటా వదులుకోనంటోంది. అమ్మకు ఆధారం ఏమిటన్నది కూడా నన్ను బాధిస్తోంది. దావా లేకుండా దీనిని గట్టిగా రాసుకునే దారి ఉందా? అమెరికా పౌరసత్వం తీసుకున్న చెల్లెలికి వ్యవసాయ భూమి వస్తుందా?

సివిల్ న్యాయవాది, గుంటూరు

మీరు రాసినది చదివి సంతోషించాను. వేలిముద్ర మీద పెట్టుకున్న అనుమానాన్ని ఇక వదిలేయండి. పొలంలో మీ ఇద్దరి వాటాలకు ఆ అనుమానంతో పని లేదు, 1978 దస్తావేజు చాలు.

మీ చెల్లెలు వ్యవసాయ భూమిని కొనలేకపోవచ్చు గానీ వారసత్వంగా పొందడానికి ఆమె పౌరసత్వం అడ్డురాదు. ఆమె తరఫున ఎవరైనా సంతకం చేయవలసి వస్తే, అన్ని అధికారాలూ ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కాకుండా, ఒప్పుకున్న షరతులను అందులోనే రాసి, ఆ ఒక్క పనికే పరిమితమైనది చేయించండి. విదేశంలో చేసిన ఆ పత్రం మన దేశానికి చేరిన 3 నెలల లోపల దానికి స్టాంపు సుంకం చెల్లించాలి.

దావా వేయకముందే న్యాయసేవల కమిటీలో అర్జీ పెట్టి లోక్ అదాలత్ ద్వారా రాజీ చేసుకునే వీలుంది. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే రాజీ షరతులను తొందరలో రాయించకండి. సర్వే నంబర్లు, హద్దులు, ఎవరి వాటా ఏ వైపు, నీటి బోదె ఎవరి పొలం మీదుగా వెళుతుంది అన్నవన్నీ అందులో ఉండాలి. రాజీ ముగిసేవరకు వీలునామా ఆధారంగా పట్టా మార్చవద్దని తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదు గానీ, ఎక్కాక ఆ భూమి మూడోవారి చేతికి వెళితే చిక్కులు పెరుగుతాయి. తమ్ముడికి ఈ సంగతి ముందే చెప్పి ఇవ్వండి, మళ్లీ చాటుమాటు అనిపించకుండా.

అమ్మగారి విషయం తమ్ముడి మాట మీద వదలకండి. ఇల్లు తమ్ముడికే ఇవ్వడానికి మీరు ఇద్దరూ ఒప్పుకుంటున్నట్లయితే, ఆమె బతికి ఉన్నంతకాలం ఆ ఇంట్లో నివసించే హక్కునూ, నెలకు ఇంత అని మనోవర్తినీ అదే రాజీ పత్రంలో రాయించండి. ఆమెను కూడా ఒక పక్షంగా చేర్చి, చదివి వినిపించి సంతకం తీసుకోండి.

తెనాలి ఆడపడుచు

అర్జీ సోమవారం ఇస్తున్నామండీ. తమ్ముడు కూడా వస్తానన్నాడు. అమ్మను కారులో నేనే తీసుకువెళుతున్నాను, ఎక్కడికో చెప్పి.